సుందరి మేడమ్‌కి గ్రేస్ మార్కులు

గురువారం ఉదయం ఏడుంబావుకి బాలాత్రిపురసుందరి పప్పులో ఉప్పు రెండోసారి వేసింది.

ఆ వంటింట్లో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. స్టవ్ పక్కన పెట్టిన ఫోన్ అప్పుడే మోగింది. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా వచ్చింది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చదివింది. ఏడో వరసలో తన పేరు. పేరుకి ఎదురుగా ఒక అంకె. 2.6.

కాఫీ కోసం వచ్చిన కొడుకు శరత్‌చంద్ర ఆవిడ భుజం మీదుగా తొంగి చూశాడు.

"రెండు పాయింట్ ఆరా? అయితే పాసేగా అమ్మా! నాన్నా, అమ్మ పాసయింది!"

"ఎందులో?" హాల్లోంచి భానుమూర్తి అడిగాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి టెండరు ప్రకటన వరకు చదవనిదే లేవడు.

"అదే నాన్నా, రూబ్రిక్. రెండున్నర దాటితే చాలన్నారుగా. దాటేసింది. పదో తరగతి ఇంక అమ్మదే."

విషయం ఇంటిల్లిపాదికీ తెలిసిందే. సుందరి భవానీపురంలోని ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కల టీచరు. ఈ ఏడు యాజమాన్యం టీచర్ల పనితీరు కొలవడానికి కొత్త పద్ధతి పెట్టింది. రూబ్రిక్ అనే పెద్ద పట్టిక. ఎడమ పక్క పద్దెనిమిది అంశాలు, ఒక్కో అంశానికి నాలుగు గడులు. అన్నిటికంటే తక్కువ ఒకటి, అన్నిటికంటే ఎక్కువ నాలుగు. హెడ్డాఫీసు నుంచి ఒక మనిషి వచ్చి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, పాఠం చూసి, గడుల్లో టిక్కులు పెడతాడు. సగటు రెండున్నర కంటే తగ్గితే ఆ టీచరు చేతిలోంచి పదో తరగతి తీసేస్తారు. పబ్లిక్ పరీక్షలకి ఇంకా నాలుగు నెలలే ఉంది. పదో తరగతి బి సెక్షన్‌లో నలభై ఒక్కమంది పిల్లలు సుందరి మేడమ్ మీద ఆధారపడి ఉన్నారు.

ఆ పట్టిక రాసింది ఎవరో కాదు, సుందరి కోడలే. శాంభవి అదే యాజమాన్యం హెడ్డాఫీసులో అకడమిక్ కోఆర్డినేటర్. ఏడు బ్రాంచీల టీచర్లకీ ఆ పట్టికే కొలబద్ద.

"కోడలి చేతి మీదుగా అత్తగారు పాస్. స్వీట్లు ఎవరు తెస్తారు?" అన్నాడు శరత్.

శాంభవి టిఫిన్ బాక్సు మూత బిగిస్తోంది. తల ఎత్తలేదు. "నాకు టైమైంది. పప్పు సాయంత్రం తింటాను అత్తయ్యా," అంటూ స్కూటర్ తాళాలు తీసుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

సుందరి ఆమె వెళ్లినవైపే చూస్తూ నిలబడింది. సోమవారం మధ్యాహ్నం పరిశీలకుడు టిక్కులు పెట్టాక కాగితం చూపించి ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ కాగితం మీద అడుగున ఉన్న అంకె 2.6 కాదు.

2.1.

మూడు రోజులుగా ఆ అంకెని ఆవిడ కడుపులో దాచుకుని తిరుగుతోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అది తనకు తానుగా పెరిగింది.

* * *

స్టాఫ్‌రూమ్‌లో సందడిగా ఉంది. పాసైనవాళ్లు గట్టిగా మాట్లాడుతున్నారు, కానివాళ్లు నోట్సులు దిద్దుతున్నట్టు నటిస్తున్నారు. కిటికీ పక్కన కూర్చున్న రూతు ఏదీ నటించడం లేదు. ఇరవై ఆరేళ్ల పిల్ల. రోజూ కంకిపాడు నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. పదో తరగతి ఎ సెక్షన్ లెక్కలు ఆమెవి.

"కంగ్రాట్స్ మేడమ్," అంది సుందరిని చూసి. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"నీకెంత?"

"రెండు పాయింట్ నాలుగు. పాయింట్ ఒకటిలో పోయింది మేడమ్. సోమవారం నుంచి ఎ సెక్షన్ వేరేవాళ్లకి ఇస్తారంట." రూతు కిటికీలోంచి బయటికి చూసింది. "మీరు చెప్పినట్టే చేశాను. ఒక్కళ్లని కూడా నోరు తెరవనివ్వలేదు. బోర్డు మీరు చెప్పినట్టే మూడు రంగుల చాక్‌పీసులతో రాశాను. ఎక్కడ తేడా వచ్చిందో తెలియట్లేదు."

సుందరి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఓదార్చాలనుకుంది. ఏం చెప్పాలి? తనకు ఇంకా తక్కువ వచ్చిందనా? అయినా తన పేరు పైన ఉందనా?

ఆ రోజు ఆవిడ అయిదు పీరియడ్లు చెప్పింది. ఏ పీరియడ్‌లోనూ రూతు మొహం కళ్లముందు నుంచి కదల్లేదు. సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తూ బ్యాగులోంచి పాత ప్రశ్నపత్రం తీసి వెనకవైపు లెక్క వేసింది. పద్దెనిమిది అంశాలు. 2.1 అంటే మొత్తం ముప్ఫై ఎనిమిది. 2.6 అంటే నలభై ఏడు. తేడా తొమ్మిది.

కూడికలో పొరపాటు తొమ్మిది రాదు. ఎవరో కావాలని జరపాలి.

* * *

సాయంత్రం ఆరున్నరకి శాంభవి ఇల్లు చేరేసరికి అత్తగారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. చీర కూడా మార్చుకోలేదు. బ్యాగు ఒళ్లోనే ఉంది. మావగారు సోఫాలో బెండకాయలు తరుగుతున్నాడు. శరత్ టీవీ సౌండు తగ్గించి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"శాంభవీ, ఇలా వచ్చి కూర్చో."

శాంభవి కూర్చుంది.

"సోమవారం నేను సంతకం పెట్టిన కాగితం మీద ఎంతుంది?"

శాంభవి చేతిలోని స్కూటర్ తాళాలు బల్ల మీద పెట్టింది. అబద్ధం చెప్పే వీలు లేదని ఇద్దరికీ తెలుసు. "రెండు పాయింట్ ఒకటి," అంది శాంభవి.

"ఇవాళ లిస్టులో?"

"రెండు పాయింట్ ఆరు."

"మధ్యలో తొమ్మిది టిక్కులు గడి దాటాయి. వాటంతటవే నడిచాయా?"

భానుమూర్తి చేతిలో కత్తి ఆగింది.

"నేనే జరిపాను అత్తయ్యా," అంది శాంభవి. "బ్రాంచీల నుంచి వచ్చిన కాగితాలు సరిచూడటం నా పని. మీది వచ్చింది. చూశాను. జరిపాను."

"సొంతవాళ్ల కాగితం వస్తే పక్క సీటు వాళ్లకి ఇచ్చెయ్యాలని రూలు ఉందిగా. మీటింగులో చదివి వినిపించారు. ఆ రూలు రాసిందెవరు?"

"నేనే."

"ఆహా!" సుందరి బ్యాగు తీసి బల్ల మీద పెట్టింది. చప్పుడైంది. "అంటే నాకు గ్రేస్ మార్కులు వేశావు."

"అమ్మా, నీ మంచికోసమేగా..." శరత్ అందుకోబోయాడు.

"నువ్వు నోరు ముయ్. ఎనిమిదో తరగతి క్వార్టర్లీలో నీకు ఎన్ని వేశాను?"

"ముప్ఫై నాలుగు," అన్నాడు శరత్ విసుగ్గా. "పాస్ మార్కు ముప్ఫై అయిదు. క్లాసు మొత్తానికీ తెలుసు నేను నీ కొడుకునని. ఇరవై రెండేళ్లయినా ఫ్రెండ్స్ ఇంకా ఏడిపిస్తున్నారు."

"ఏడిపించనీ. ఒక్క మార్కు కోసం నువ్వు మూడు రోజులు అన్నం మానేశావు. అయినా వేశానా? నా కొడుక్కే వెయ్యనిది నేను కోడలి చేత వేయించుకోవాలా?" కోడలి వైపు తిరిగింది. "రూతుకి పాయింట్ ఒకటి తగ్గింది. ఆ పిల్లకి రెండు టిక్కులు జరిపితే చాలు. ఎవరు జరుపుతారు? హెడ్డాఫీసులో దానికి కోడలు లేదు."

ఆ మాట శాంభవికి సూటిగా తగిలింది. ఆమె మొహం ఎర్రబడింది. ఇంతసేపు అణుచుకున్నది ఒక్కసారిగా పైకి వచ్చింది.

"మీరు రెండు పాయింట్ ఒకటి టీచరు కాదు అత్తయ్యా! నాకు తెలుసు. ఆ పట్టికలో నాలుగో గడి ఎవర్ని చూసి రాశాననుకుంటున్నారు? కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు రోజూ సాయంత్రం చూసేదాన్ని. వీధిలో పిల్లల్ని పోగేసుకుని మేడ మీద లెక్కలు చెప్పేవారు. వాళ్లే ప్రశ్నలు వేసేవాళ్లు, వాళ్లే దెబ్బలాడుకునేవాళ్లు, మీరు మధ్యలో ఒక్క మాట అందించేవారు. దానికి వాళ్లే జవాబు పట్టుకునేవాళ్లు. 'పిల్లలు తమంతట తాము ప్రశ్నించి తేల్చుకుంటారు.' ఆ వాక్యం మిమ్మల్ని చూసి రాసిందే. ఆ గడి మీది. అందులో మీకు ఒకటి పడిందని కనిపిస్తే నా కళ్లు నేనే నమ్మలేదు. పరిశీలకుడికి చూడటం రాదనుకున్నాను. దిద్దాను. అంతే!"

శరత్ టీవీ పూర్తిగా ఆపేశాడు.

సుందరి కళ్లజోడు తీసింది. తనను చూసి రాసిందా? ఇన్నాళ్లూ చెప్పనే లేదు. ఒక్క క్షణం ఆ మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. కానీ ఇరవై ఎనిమిదేళ్లు పేపర్లు దిద్దిన మనిషి.

"నేను ఏం చెప్పగలనో నీకు తెలుసు," అంది నెమ్మదిగా. "సోమవారం ఏం చెప్పానో అతనికి తెలుసు. ఆన్సర్ షీట్లో ఉన్నదానికే మార్కు, శాంభవీ. పిల్లాడు తెలివైనవాడు కదా అని ఖాళీ పేజీకి మార్కు వెయ్యం."

"అసలు ఖాళీ ఎందుకుంది సుందరీ?" అన్నాడు భానుమూర్తి.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"కాదు, తెలియక అడుగుతున్నా. మేడ మీద నువ్వు చెప్పే పాఠం నేనూ విన్నాను. వీధి చివరి వరకు వినపడేది. మరి సోమవారం ఏం చేశావు?"

సుందరి భుజాలు సర్దుకుంది. ఈ ప్రశ్నకి ఆవిడకి బెరుకు లేదు. "ఇన్‌స్పెక్షన్‌కి ఎలా చెయ్యాలో అలా చేశాను. ఆదివారమే బోర్డు తుడిపించాను. మూడు రంగుల చాక్‌పీసులు. వాగుడుకాయలు నలుగుర్ని లైబ్రరీకి పంపాను. మిగిలినవాళ్లకి చేతులు కట్టుకోమన్నాను. నలభై నిమిషాలు సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. పాఠంలో ఎవరూ తడబడకూడదని అంతకుముందు వారం అయిపోయిన చాప్టరే మళ్లీ చెప్పాను."

శాంభవి నోరు తెరిచి చూస్తోంది. "అయిపోయిన పాఠం చెప్పారా?"

"మరి! కొత్త పాఠం చెబితే ఏ వెధవో ఒకడు లేచి సందేహం అడుగుతాడు. పై అధికారి ముందు పిల్లలు సందేహాలు అడిగితే మనకి చెప్పడం రాదనుకోరూ? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అధికారులు వచ్చేవారు. గుమ్మంలో నిలబడి నిశ్శబ్దంగా ఉందా లేదా చూసి, బోర్డు చూసి, 'వెరీ గుడ్' అని వెళ్లిపోయేవారు. రూతుకి కూడా అలాగే చెప్పాను, జాగ్రత్తగా చేసుకోమని..."

ఆ మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది.

శాంభవి తన బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి రూబ్రిక్ తెరిచింది. ఒక్కో వరసా చదివింది. "పిల్లలు ప్రశ్నలు అడిగారా? ఒకటి. పిల్లలు ఒకరితో ఒకరు చర్చించారా? ఒకటి. కొత్త విషయం నేర్చుకున్నారా? ఒకటి. బోర్డు శుభ్రత..." ఆమె పెదవి వంకర తిరిగింది. "నాలుగు."

ముందు శరత్ నవ్వాడు. తరవాత భానుమూర్తి. శాంభవి కూడా నవ్వేసింది, కళ్లు తుడుచుకుంటూనే.

సుందరి నవ్వలేదు. "అయితే రూతు కొంప ముంచింది నేనే," అంది. "ఇవన్నీ కావాలని ఎవరు చెప్పారు మాకు? పన్నెండు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టాం. ఇన్‌స్పెక్షన్ అంటే మాకు తెలిసింది ఒకటే, నిశ్శబ్దం. ఒక్కసారి వచ్చి కూర్చుని, ఇదిగో ఇది కావాలి మాకు అని నాలుగు మాటలు తెలుగులో చెప్పి ఉంటే?"

శాంభవి నవ్వు ఆగిపోయింది. ఆ ఫారం తయారీకి ఆమెకి ఎనిమిది నెలలు పట్టింది. ఏవేవో దేశాల పట్టికలు చదివింది. అత్తగారిని దూరం నుంచి చూసి రాసుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఒక్కరోజు ఆవిడ ముందు కాగితం పెట్టి, 'ఇది ఎలా ఉందత్తయ్యా?' అని అడగలేదు. ఆవిడనే కాదు, ఏ టీచరునీ అడగలేదు.

"రేపు పొద్దున్నే డైరెక్టరు గారి దగ్గరికి వెళ్తాను," అంది. "జరిగింది చెబుతాను. మీ రెండు పాయింట్ ఒకటి మీకు వచ్చేస్తుంది."

"ఉద్యోగం పోతుంది శాంభవీ!" శరత్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు. నీ పదో తరగతీ పోతుంది, దీని ఉద్యోగమూ పోతుంది. ఎవరికి లాభం?"

సుందరి కోడలి మొహంలోకి చూసింది. "నేనూ వస్తాను," అంది. "నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. నేను బయట బెంచీ మీద కూర్చుంటా."

* * *

శుక్రవారం ఉదయం అత్తాకోడళ్లు ఒకే స్కూటర్ మీద ఫ్లైఓవర్ ఎక్కారు. కుడివైపు కృష్ణానది మీద ఎండ మెరుస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. బెంజి సర్కిల్ దాటాక మాత్రం సుందరి వెనక నుంచి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

డైరెక్టరు వెంకటప్పయ్యకి అరవై అయిదేళ్లు. స్కూళ్లు పెట్టక ముందు కంకిపాడులో బియ్యం మిల్లు నడిపాడు. శాంభవి నిలబడే మొత్తం చెప్పింది. ఎక్కడా తగ్గించలేదు, ఎవరినీ అడ్డం పెట్టుకోలేదు. ఆయన వింటున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"కాటా దగ్గర చెయ్యి పెట్టిన గుమస్తాని నేను ఆ పూటే ఇంటికి పంపేవాణ్ణమ్మా," అన్నాడు.

శాంభవి బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. "తెలుసండి. రాజీనామా తెచ్చాను."

"ఇటివ్వు." కాగితం తీసుకుని చదవకుండా పక్కన పెట్టాడు. "ఇదెవరు కనిపెట్టారు? ఆడిటరా?"

"మా అత్తగారండి."

"లాభపడిన మనిషే పట్టుకుందా?" ఆయన పెన్ను ఆగింది. "ఆవిడెక్కడ?"

"బయట కూర్చున్నారు."

సుందరిని లోపలికి పిలిచారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీకు పదో తరగతి పోతుందని తెలిసే వచ్చారా మేడమ్?"

"తెలుసండి. పోతే పోయింది, రూతుతో పాటే పోతుంది. కానీ ఒక మాట. మీరు కొలిచింది పాఠాన్ని కాదు సార్, మా భయాన్ని. సోమవారం నాడు నా క్లాసులో నేనే లేను."

వెంకటప్పయ్య పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు.

"ఇది నా దగ్గరే ఉంటుంది. ఈ లిస్టు రద్దు. రెండున్నరకి తగ్గిన ప్రతివాళ్ల క్లాసూ మళ్లీ చూస్తారు, ఈసారి చెప్పకుండా వస్తారు. ఈలోపు ఎవరి సెక్షన్ వాళ్లదే. శాంభవిగారూ, ఇవాళ్టి నుంచి మార్కుల కాగితం మీ టేబుల్ మీదకి రాదు. మీకు మెమో ఇస్తున్నాను. ఏడు బ్రాంచీలూ తిరిగి, కూర్చోబెట్టి, ఆ పట్టిక తెలుగులో చెప్పి రండి. ఇంకొకటి. టీచర్లని కొలిచే మనల్ని ఎవరు కొలుస్తున్నారు? ప్రిన్సిపాళ్లకి, మీకు, నాకు కూడా ఒక ఫారం తయారు చెయ్యండి. టీచర్లు నింపుతారు. పేర్లు అక్కర్లేదు. మొదట మీదే."

బయటికి వచ్చాక శాంభవి మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"లే, లే. స్కూలుకి లేటవుతోంది," అంది సుందరి. "నన్ను దింపి వెళ్లు. ఫస్ట్ పీరియడ్ ఉంది."

* * *

పన్నెండు రోజుల తరవాత, బుధవారం మూడో పీరియడ్. పదో తరగతి బి సెక్షన్ సంతలా ఉంది.

బెంచీకి ఒక బత్తాయి. కాయని పెట్టి కాగితం మీద చుట్టూ గీసి నాలుగు సున్నాలు వెయ్యాలి. తరవాత తొక్క ఒలిచి ముక్కలు చేసి ఆ సున్నాల్లో పరచాలి. గోళం ఉపరితలం సరిగ్గా నాలుగు సున్నాలకి సమానమో కాదో చేత్తో తేల్చుకోవాలి. గదంతా బత్తాయి వాసన. బోర్డు మీద సగం చెరిపిన బొమ్మలు, రసం మరకలు.

"మేడమ్, పుస్తకం తప్పు!" సాయిశ్రీ లేచి అరిచింది. "నాలుగు నిండట్లేదు. మూడున్నరే వస్తున్నాయి!"

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. పరిశీలకుడు కిరీటి చేతిలో ఫారంతో లోపలికి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు సగంమంది గమనించనే లేదు.

సుందరి గమనించింది. 'సైలెన్స్' అనే మాట నాలుక చివరి వరకు వచ్చింది. ఎన్నో ఏళ్ల అలవాటు. ఆవిడ దాన్ని అక్కడే మింగేసింది.

"పుస్తకం తప్పంటావా?" అంది సాయిశ్రీతో. "అయితే ఆ అరసున్నా ఎవరు తిన్నారు? ఎవరైనా చెప్పండి."

"వీడు తిన్నాడు మేడమ్, బత్తాయి!" ఎవరో అన్నారు. క్లాసు గొల్లుమంది.

"తొనలు తింటే పర్లేదు. తొక్క తిన్నాడా?"

రెండు నిమిషాలు గోల. సిద్ధార్థ కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "మేడమ్, కాయ పక్కనే పెన్సిల్ పెట్టి గీశాం కదా, సున్నా కాయ కన్నా పెద్దదైంది. కాయని సగానికి కోసి ఆ ముక్క బోర్లించి గీస్తేనే కరెక్ట్."

"అవునా? సాయిశ్రీ, ఒప్పుకుంటావా?"

"కోసి చూస్తే గానీ ఒప్పుకోను."

"కొయ్యండి మరి!"

బెల్ మోగినా ఎవరూ కదల్లేదు. కిరీటి కాగితం తీసుకుని ఆవిడ దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో కూడా రెండు బత్తాయి తొనలున్నాయి.

"మూడు పాయింట్ మూడు మేడమ్," అన్నాడు మొహమాటంగా. "బోర్డు శుభ్రతలో మాత్రం ఒకటి వెయ్యాల్సి వచ్చింది."

"న్యాయంగా వేశావు నాయనా," అంటూ సుందరి సంతకం పెట్టింది. "ఇంతకీ రూతుకి?"

"అది చెప్పకూడదు మేడమ్." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "కానీ ఆవిడ కారిడార్లో నవ్వుకుంటూ వెళ్తున్నారు."

* * *

డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం శాంభవి డైనింగ్ టేబుల్ మీద ఒక కవరు గుమ్మరించింది. ఆమె మీద టీచర్లు నింపిన ఫారాలు. భవానీపురం బ్రాంచీవి ముప్ఫై రెండు, వాటితో పాటు ఆఫీసువాళ్లు వేసిచ్చిన సగటుల చీటీ.

"ఏమంటున్నారు?" శరత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పని తెలుసు, మూడున్నర. తప్పు ఒప్పుకుంటుంది, నాలుగు." శాంభవి ఊపిరి పీల్చుకుంది. "నిర్ణయానికి ముందు మమ్మల్ని అడుగుతుంది, ఒకటి పాయింట్ ఎనిమిది."

"అంటే పదో తరగతి తీసేస్తారా నీకు?"

"నవ్వకు." ఆమె కూడా నవ్వుతూనే ఇంకో కాగితం తిప్పింది. అక్కడే ఆగిపోయింది.

ఆ ఫారంలో ఒక్క టిక్కు కూడా లేదు. పది వరసలూ ఖాళీ. అడుగున మాత్రం గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు. 'ఈమె మా కోడలు. నేను మార్కులు వేయకూడదు.'

శాంభవి ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. సుందరి బజ్జీల పిండి కలుపుతోంది.

"అత్తయ్యా, ఖాళీ ఫారం ఒకటి వచ్చింది."

"పేర్లు రాయద్దన్నారుగా. ఎవరిదో నాకేం తెలుసు?"

"'మా కోడలు' అని రాసుంది."

"ఓహో," అంది సుందరి పిండిలోకే చూస్తూ.

"ఏదైనా వేసి ఉండచ్చుగా. తక్కువ వేసినా నేనేమీ అనుకునేదాన్ని కాదు."

సుందరి చెయ్యి ఆగింది.

"తక్కువ వెయ్యాలనే కూర్చున్నానే," అంది. "పెన్ను తీశాను. మొదటి వరసలో నాలుగు దగ్గరికి వెళ్లింది చెయ్యి. రెండోది చదివాను, అక్కడా నాలుగే. 'నిర్ణయానికి ముందు మమ్మల్ని అడుగుతుంది' అని ఉంది చూడు, నువ్వు అడగవని ఈ ఊళ్లో నాకన్నా ఎవరికి తెలుసు? అక్కడ కూడా నాలుగు మీదకే పోయింది. భయమేసింది నాకు. పెన్ను మూసేశాను." మళ్లీ పిండి కలపసాగింది. "ఆ రోజు నా కాగితం ముందు పెట్టుకుని నువ్వు ఎలా ఉన్నావో అప్పుడు తెలిసింది."

శాంభవి కాగితం గట్టు మీద పెట్టింది. కళ్ల నిండా నీళ్లు. దగ్గరికి వచ్చి అత్తగారి భుజం మీద తల ఆనించింది. సుందరి రెండు చేతులకీ శనగపిండే. మోచేతులతోనే కోడల్ని దగ్గరికి లాక్కుంది.